ఎత్తక్కర్లేని తలుపు

ఆ ఇంట్లో ఏ తలుపూ మామూలుగా మూసుకోదు. పిడి పట్టుకుని కాస్త పైకెత్తాలి, తుంటితో ఒక్క తోపు తొయ్యాలి, అప్పుడు ఠప్పున పడుతుంది. వంటింటి తలుపూ అంతే, స్నానాలగది తలుపూ అంతే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు స్నానాలగదిలో ఇరుక్కుని కేకలేస్తే, ఇంటాయన వసారాలోంచి కదలకుండానే "ఎత్తి తొయ్యండి, ఎత్తి" అంటాడు. వాళ్ళమీద ఆయనకు జాలి ఉండదు. తలుపు తియ్యడం చేతకానివాడికి ఇంకేం చేతనవుతుందని ఆయన లెక్క.

ఆయన్ని అందరూ తలుపుల మేస్త్రి అంటారు. కార్ల ఫ్యాక్టరీలో, పనిలో ఉన్నన్నాళ్ళూ కందిరీగకే తలుపులు బిగించాడు. కందిరీగ అంటే కారు. ఆఫీసువాళ్ళు దానికేదో అంకెల పేరు పెట్టుకున్నారు గానీ పనివాళ్ళ నోటికి ఆ పేరు ఎక్కలేదు. రెండే సీట్లు, సన్నటి నడుము, పైకి లేచిన వెనక భాగం, కదిలిందంటే వీధి చివరిదాకా వినపడే రొద. దాని గడప ఎత్తు, సీటు పల్లం. అందులోకి ఎక్కడమన్న మాట లేదు. నూతిలోకి దిగినట్టు దిగడమే. ఆ బండి పనిలో ఇంకో విడ్డూరం, ఏ బండి తలుపు ఆ బండిదే. మేస్త్రి కొయ్యసుత్తితో తట్టి, మోకాలు ఆనించి వంచి, ఒక్కో తలుపునీ ఒక్కో బండికి కుదిర్చేవాడు. పక్క బండికి పెడితే పట్టదు. చేతికి అలవాటైన ఆ కుదురే ఇంటి తలుపులకీ తెచ్చిపెట్టాడు. నలభై ఏళ్ళుగా ఆయన భార్య ప్రతి తలుపునీ ఎత్తి మూస్తోంది.

ఆ ఉదయం ఆయన ఎప్పట్లాగే వసారాలో తన సీటులో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అది కందిరీగ సీటే. కుట్టు వంకరపోయిందని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడు. రెండు చెక్కలమీద నేలకి ఆనించి వేశాడు. వసారాలో వేరే కుర్చీ లేదు. అందుచేత భార్య గోడకి ఆనుకుని నిలబడి తన కాఫీ తాగుతుంది. ఆ పల్లపు సీటులో కూర్చుంటే ఆమె తుంటి లేవనివ్వదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆయన్నీ లేవనివ్వడం లేదు. కాఫీ అయ్యాక ఆమె గ్లాసు కింద పెట్టి చెయ్యి అందిస్తుంది, ఆయన పట్టుకుని లేస్తాడు. లేచాక "చెయ్యి ఇమ్మని నేనడిగానా?" అంటాడు. ఇది రోజూ జరిగేదే.

ఆ రోజూ లేచాడు, ఆ మాటా అన్నాడు. ఇంతలో గేటు చప్పుడైంది. వచ్చినవాడు రంగులాయన. ఫ్యాక్టరీలో కందిరీగలకు రంగు కొట్టినవాడు, మేస్త్రితో పాటే పని మానేసినవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు.

"ఏం బావా, ఇంకా బనీనులోనే ఉన్నావు? ఇవాళ అప్పగింత కదా!"

"ఎవరికి అప్పగింత? నాకేం సంబంధం?"

"నీ సుత్తి లేకుండా అప్పగింతేమిటయ్యా?"

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక రకం బండి ఆగిపోయి కొత్త రకం మొదలయ్యే రోజున, పాతదాన్లో ఆఖరి బండినీ కొత్తదాన్లో మొదటి బండినీ పక్కపక్కన నిలబెడతారు. పాత లైనులో పెద్దచెయ్యి అనిపించుకున్నవాడు ఆఖరి బండి తలుపు మూసి, తన కొయ్యసుత్తిని కొత్త లైను మనిషి చేతిలో పెట్టాలి. చట్టమేం కాదు. కానీ సుత్తి చేతికి రాని లైనుని షాపులో, అంటే బండ్లు బిగించే షెడ్డులో, ఎవరూ ఖాతరు చెయ్యరు. ఈసారి కొత్త లైను మనిషి ఎవరో కాదు, మేస్త్రి కూతురే. చదువుకుని, ఇంజనీరై, అదే ఫ్యాక్టరీలో చేరి, కొత్త బండికి తలుపులూ గడపలూ గీసింది. ఆ బొమ్మ పేపర్లో పడ్డ రోజునుంచీ తండ్రి ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఎప్పుడైనా మాట్లాడితే 'ఇంజనీరమ్మగారూ' అంటాడు.

"సబ్బుబిళ్ళకి సుత్తెందుకు బావా?" అన్నాడు మేస్త్రి. "నీళ్ళు పోస్తే చాలు, అదే జారుతుంది."

కొత్త బండికి ఆయన పెట్టిన పేరు సబ్బుబిళ్ళ. అరిగిపోయిన సబ్బుబిళ్ళలా అన్ని మూలలూ గుండ్రం, ఎక్కడా ఒక అంచు లేదు, ముక్కు లేదు, మొహం లేదు. కందిరీగ ఆపేసి దీన్ని తెచ్చిన పెద్దమనుషులకి సిగ్గు లేదని, కొనేవాళ్ళకి బుద్ధి లేదని ఆయన కనపడ్డవాడికల్లా చెప్పాడు.

"నిన్నని ఏం లాభంలే," రంగులాయన మెట్టు మీద కూర్చున్నాడు. "నీకు సుత్తి ఇచ్చిన ముసలి మేస్త్రి ఏమన్నాడు ఆ రోజు? 'ఈ రేకుల డబ్బాకి నా సుత్తి ఇస్తున్నాను, నా ఖర్మ' అనలేదూ? అందరం విన్నాం."

"ఆయనకి కళ్ళు కనపడేవి కావు."

"నీకు కనపడుతున్నాయా?"

 మాట మార్చాలంటే మేస్త్రి దగ్గర ఒక కథ ఉంది. "మొగాడికి లొంగని బండయ్యా కందిరీగ. బండి మనిషికి లొంగకూడదు, మనిషే బండికి లొంగాలి. మా ఆవిణ్ణి చూశావుగా? అప్పట్లో ఒకరోజు ఫ్యాక్టరీలో కుటుంబాలని కందిరీగలో తిప్పుతామంటే ఎగేసుకుంటూ వచ్చింది. ఒక కాలు లోపల పెట్టింది, ఇంకో కాలు బయట ఉండిపోయింది. అటూ పోదు, ఇటూ రాదు. సీసాలో బిరడా!"

"నలుగురం పట్టి లాగాంగా," రంగులాయన అందుకున్నాడు. "నా చేతి రంగు ఆవిడ జబ్బకంటుకుంది."

ఇద్దరూ నవ్వారు. వంటింట్లోంచి ఆమె నవ్వూ వినపడింది. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ చోటికి వచ్చేసరికి ఆమె నవ్వుతుంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఎక్కడైనా సరే. మేస్త్రికి అదొక తృప్తి. తన భార్యకి హాస్యం తెలుసని నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు.

గేటు ముందు ఏదో ఆగినట్టయింది. చప్పుడు లేదు. నీడ మాత్రం పడింది. మేస్త్రి తల తిప్పి చూసి మొహం చిట్లించాడు. సబ్బుబిళ్ళ. వెన్నరంగులో, పేపర్లో బొమ్మ కన్నా ఇంకా నున్నగా ఉంది. అందులోంచి కూతురు దిగింది. ఫ్యాక్టరీ చొక్కా వేసుకుంది, కళ్ళకింద నిద్రలేని చారలున్నాయి.

"నాన్నా, రెడీ అవలేదా? అక్కడ అందరూ నీకోసం చూస్తారు."

"ఎవరమ్మా నువ్వు? ఓహో, ఇంజనీరమ్మగారు! నడుచుకుంటూ వచ్చారా? బండి చప్పుడే వినపళ్ళేదు."

"అవసరమైనప్పుడు వినపడుతుంది నాన్నా."

"అడిగితేనే మొరిగే కుక్కన్నమాట. దొంగలు దాన్నే ముందు పెంచుకుంటారు."

రంగులాయన దగ్గు నటించాడు. కూతురు పెదవి బిగబట్టి మెట్లెక్కబోయింది. మేస్త్రి అప్పటికే మెట్లు దిగి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ముట్టుకుంటే అంటుకుంటుందేమో అన్నట్టు.

"ముందునించి చూస్తే ఆవులిస్తున్న చేప. వెనకనించి చూస్తే ఆవులించడం అయిపోయిన చేప. రంగు ఎవరు కొట్టారు? బావా, చూశావా నీ వారసుల పని? పూత పూశారా, పాలు ఒలకబోసుకున్నారా? తలుపులు ఎవరు కుదిర్చారు?"

"ఎవరూ కుదర్చక్కర్లేదు. అచ్చులోంచి వస్తాయి. ఏ తలుపు తీసి ఏ బండికి పెట్టినా సరిపోతుంది."

"ఆహా! ఊరందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టినట్టు."

"నువ్వు సుత్తి ఇవ్వకపోయినా బండి ఆగదు నాన్నా," అంది కూతురు. "కానీ రేపట్నించీ నేను లైనులో నడుస్తుంటే వెనకనించి ఏమంటారో తెలుసా? సొంత తండ్రే దీన్ని చీదరించుకున్నాడంటారు. నాతో పనిచేసేవాళ్ళంతా నీ చేతికింద పెరిగినవాళ్ళే. నాకు పొగడ్తలేం వద్దు. వచ్చి ఆ సుత్తి నా చేతిలో పెట్టు, చాలు. ఇంటికొచ్చాక ఎన్ని తిట్లు కావాలంటే అన్ని తిట్టు."

"పని అచ్చుదైతే పరువు నీదా? నేను రాను."

అంటూనే ఆయన చూపు తెరిచి ఉన్న తలుపుకింద పడింది. వంగి చూశాడు. గడప నేలకి దగ్గరగా, మంచంకోడంత ఎత్తున కూడా లేకుండా ఉంది. సీటు ఎత్తుగా, మామూలు కుర్చీలా ఉంది. ఇంత ఘోరం పేపర్లో బొమ్మలో కనపడలేదు.

"గడప కోసేశారు!" ఆయన నిజంగానే అరిచాడు. "బండికి గడపంటే నడుమే! నడుము కోసి పారేశావు కదే! దాని పౌరుషమంతా అక్కడే ఉంటుంది. అందులోకి దిగడం వస్తేనే మనిషికి ఆ బండి నడిపే యోగ్యత. ఇదేమిటి, ఆస్పత్రి కుర్చీలా? ఏ ముసలమ్మ ఎక్కాలని తగ్గించావు ఈ గడప?"

 కూతురు వసారా వైపు చెయ్యి చూపింది.

"ఆ ముసలమ్మ ఎక్కాలని."

గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. తడి చేతులు, భుజాన తువ్వాలు.

మేస్త్రికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్దగా నవ్వాడు. "మీ అమ్మా? మీ అమ్మకి స్పోర్ట్సు కారా! బావా, విన్నావా? సీసాలో బిరడా మళ్ళీ బయల్దేరిందిట!"

రంగులాయన కూడా నవ్వాడు. నవ్వి, అలవాటుగా ఇద్దరూ ఆగారు. మూడో నవ్వు రావలసిన చోటది. అది రాలేదు.

ఆమె చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగింది, ఎప్పుడూ దిగినట్టే. బండి దగ్గరికి వచ్చి, అవతలివైపు తలుపు తీసి, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంది. అంతే. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ లాగలేదు. ఆమె తలుపు పిడి పట్టుకుని, అలవాటు కొద్దీ పైకెత్తి, బలమంతా పెట్టి లాగబోయింది.

"ఎత్తక్కర్లేదమ్మా," అంది కూతురు. "ఊరికే లాగు."

"ఎత్తక్కర్లేదా?"

రెండు వేళ్ళతో లాగింది. తలుపు పడింది. ఆమె దాన్ని మళ్ళీ తెరిచి, మళ్ళీ లాగింది. నిజమేనా అన్నట్టు.

మేస్త్రి కిటికీ దగ్గర నిలబడ్డాడు. చిత్రంగా ఉంది. ఆమె కూర్చుంది, తను నిలబడ్డాడు. ఇలా ఎప్పుడూ జరగలేదు.

"ఏమే, దిగు. నలుగురూ చూస్తారు."

"చూడనివ్వండి. ఆ రోజు చూడలేదూ?" ఆమె ఎదురుగా అద్దంలోంచి వీధిని చూస్తూ మాట్లాడింది. గొంతు పెరగలేదు. "ఈ పిల్ల పుట్టినప్పుడు పోయింది నా తుంటి. మీకు తెలుసు. అయినా రమ్మన్నారు కదా అని వచ్చాను. మీరు చేసే బండిలో ఒక్కసారి కూర్చోవాలని ఎన్నాళ్ళు అనుకున్నానో. పొద్దున్నే పిల్లకి రెండు జడలు వేసి, నేను మంచి బట్ట కట్టుకుని వచ్చాను. కాలు ఇరుక్కుంది. నొప్పి సంగతి సరే. మీ వైపు చూశాను, వస్తారని. మీరు నవ్వుతున్నారు."

"అందరూ నవ్వారు కదే..."

"అందరూ నా మొగుళ్ళు కారుగా."

రంగులాయన మెట్టు మీదనుంచి లేచి, ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

మేస్త్రి కిటికీలోకి వంగాడు. "మరి ఎన్నిసార్లు చెప్పినా నువ్వూ నవ్వావు కదే? ఇందాక కూడా..."

"నవ్వకపోతే ఆపేవారా? నవ్వితే తొందరగా అయిపోయేది."

  చేతకానివాళ్ళని చూసి పెదవి విరవడమే ఆయనకి బతుకంతా తెలిసిన పని. ఆ పెదవి ఇప్పుడు ఎటు తిప్పాలో తెలియలేదు. వెనక్కి నడిచి, మెట్లెక్కి, వెళ్ళి తన సీటులో కూలబడ్డాడు. అక్కడ కూర్చుంటే ఎవరి మొహమూ కనపడదు, అందరి మోకాళ్ళే కనపడతాయి.

కాసేపటికి అది కూడా భరించలేకపోయాడు. లోపలికి పోదామని లేవబోయాడు. లేవలేదు. చేతులు నేలకానించి తోశాడు. ఒక మోకాలు లేచింది, రెండోది సీటు అంచుకింద ఇరుక్కుంది. పక్కకి ఒరిగి, గోడ పట్టుకోబోయి, జారి మళ్ళీ అందులోనే పడ్డాడు. కాఫీ గ్లాసు దొర్లింది. రంగులాయన ఎంత ఆపుకున్నా ముక్కులోంచి నవ్వు తప్పించుకుంది.

ఆ నవ్వు వినగానే మేస్త్రి తల ఒక్కసారిగా బండి వైపు తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆయనకే తెలియదు. ఆమె నవ్వుతోందా అని చూశాడు.

ఆమె నవ్వడం లేదు.

తలుపు తీసుకుని దిగుతోంది. పక్కవాటుగా మెట్లెక్కి వచ్చి, రోజూ నిలబడే చోటనే నిలబడి, రోజూ అందించినట్టే చెయ్యి అందించింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ లేవలేదు. పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తలుపులు ఎత్తీ ఎత్తీ ఆ అరచేతిలో ఒక కాయ కాసింది. తన అరచేతిలో సుత్తి కాయలు ఆయన నలుగురికీ చూపించుకున్నాడు. ఇది ఎప్పుడూ చూడలేదు.

"నొప్పి పుట్టిందా?" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ రోజు."

ఆమె ఆయన చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "లేవండి. టైమవుతోంది," అంది. ఆయన లేచాడు. చెయ్యి ఇమ్మని అడగలేదన్న మాట మాత్రం ఆ రోజు నోటికి రాలేదు. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళి, సుత్తి తీసుకురావడానికి వెళ్ళినట్టు తిరిగొచ్చాడు. ఒంటి మీదికి చొక్కా కూడా వచ్చింది. బొత్తాలు ఒకటి కిందకి పెట్టుకున్నాడు. కూతురు చూసింది, దగ్గరికొచ్చి విప్పి సరిగ్గా పెట్టింది. 

బండి దగ్గరికొచ్చేసరికి భార్య అప్పటికే ఎక్కి కూర్చుని ఉంది.

"నేనెక్కడ కూర్చోను?" అన్నాడు మేస్త్రి.

"రెండే సీట్లు నాన్నా," అంది కూతురు. "అమ్మా, నువ్వు తర్వాత..."

"నేను దిగను," అంది తల్లి. "ఒకసారి దింపారుగా."

అందుచేత ఆ ఊళ్ళో పేరుమోసిన తలుపుల మేస్త్రి ఆనాడు రంగులాయన డొక్కు స్కూటరు వెనక కూర్చుని, ఒళ్ళో కొయ్యసుత్తి పెట్టుకుని, సబ్బుబిళ్ళ వెనకాలే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ముందు బండి కిటికీలోంచి ఒక తెల్ల జుట్టు ముడి కనపడుతూనే ఉంది. అది అటూ ఇటూ తిరుగుతూ దుకాణాలనీ, మనుషులనీ, సిగ్నళ్ళనీ చూస్తోంది. మూల తిరిగే దగ్గర కూతురు బండిని కాస్త తొక్కింది. అప్పుడు వినపడింది రొద. గొంతు లోపల్నించి వచ్చే రొద.

"వచ్చింది బావా!" అన్నాడు రంగులాయన.

"గొంతులో కఫం," అన్నాడు మేస్త్రి. కానీ తల ఎత్తి విన్నాడు.

షాపులో అందరూ గుంపుగా నిలబడ్డారు. ఎర్రటి కందిరీగ, ఆఖరిది, నేలకి కరుచుకుని ఉంది. మేస్త్రి దాని తలుపు పట్టుకుని, ఎత్తి, తుంటితో ఒక్క తోపు తోశాడు. ఠప్పుమంది. ఆ చప్పుడు షాపు కప్పుదాకా వెళ్ళి వచ్చింది. తర్వాత ఆయన కూతురి వైపు తిరిగి సుత్తి చాపాడు.

"సబ్బుబిళ్ళకి నా సుత్తి ఇస్తున్నాను, నా ఖర్మ," అన్నాడు అందరికీ వినపడేట్టు. జనం ఘొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆమె చెయ్యి సుత్తి మీద పడ్డాక కూడా తన చెయ్యి తియ్యలేదు. "గడప మాత్రం," అని ఆగాడు.  "గడప తగ్గించాలని నాకే తట్టి ఉండాల్సింది."

కూతురు సుత్తి గుండెలకి ఆనించుకుని మొహం పక్కకి తిప్పుకుంది.

ఆయన తిన్నగా వెన్నరంగు బండి దగ్గరికి నడిచాడు. లోపల భార్య ఇంకా దిగలేదు. తలుపు బారుగా తెరిచి ఉంది.

"రేపు పొద్దున్నే వసారాలో ఆ సీటు తీసేసి బల్ల వేస్తాను," అన్నాడు ఆమెకి మాత్రమే వినపడేట్టు. "ఇద్దరికీ పట్టేది. ఎత్తుగా."

"ముందు వంటింటి తలుపు బాగుచెయ్యండి."

"అదీ చేస్తాను. కాళ్ళు లోపలికి పెట్టుకో."

ఆమె కాళ్ళు పెట్టుకుంది. ఆయన తలుపు పట్టుకున్నాడు. భుజం పైకి లేవబోయింది, తుంటి దానంతటదే ముందుకొచ్చింది. రెంటినీ ఆపుకున్నాడు. రెండు వేళ్ళతో తోశాడు. తలుపు పడిన సంగతి కూడా తెలియలేదు.

"వెధవ తలుపు. చప్పుడే లేదు," అని గొణిగి, తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు.